పోతురాజు సర్వీసింగు

ఆ ఆదివారం పొద్దున పోతురాజు వేసుకున్న ప్లాను చిన్నదే. బండి కడగాలి, గొలుసుకి ఆయిలు పట్టించాలి, తొమ్మిదికల్లా టిఫిను తినాలి. ముందురోజు వానలో విస్సన్నపేట వైపు కాలవగట్టు మీద కుర్రాళ్లతో పోటీపడి తిప్పిన ఆ పాత ఆఫ్‌రోడ్ బండికి హ్యాండిలు తప్ప అంతా బురదే. ఏడో తరగతిలో బడి మానేసినా ఇంజన్ల విషయంలో తాను ఇంజనీరుతో సమానమని అతని అభిప్రాయం. ఆ అభిప్రాయం ఇంకెవరికీ లేదు.

"ఈసారి మెకానిక్ దగ్గరికి తోసుకెళ్లావంటే పాతసామాన్లోడికి ఇచ్చేస్తా," అంది భార్య పార్వతి. "యాభై ఏళ్లొచ్చి బురదలో పొర్లాటలేంటయ్యా!"

"చూస్తా ఉండవే. ఉదయ్‌గాడు రెండ్రోజులు చేసే పని రెండు గంటల్లో లేపేస్తా."

ఎండిన బురద బ్రష్షుకి లొంగలేదు. పాకలో మామిడిచెట్లకు మందు కొట్టే పంపు, పక్కనే నిండు డ్రమ్ము కనిపించాయి. పంపు గొట్టం ఆ డ్రమ్ములో పెట్టి కొట్టేసరికి బురదంతా ఎగిరిపోయింది. ఎండ తగిలాక బండి షోరూములో కూడా మెరవనంతగా మెరిసింది. ఫొటో తీసి మెకానిక్ ఉదయ్‌కి పంపాడు.

"ఏం పాలిష్ వేశావ్ బాబాయ్?" అని ఫోను.

"పాలిష్ కాదురా, పనితనం!"

ఫోను పెట్టేలోపు చీమలు బారులు తీరాయి. అవి పోవడానికి అదే డ్రమ్ములోంచి ఇంకో రెండు చుట్లు కొట్టాడు. ఈసారి ఈగలొచ్చాయి. స్టార్టు చేస్తే పోతాయనుకుని కిక్కు కొట్టి, గేరు వేసి ఎక్కాడు. సైలెన్సరు వేడెక్కింది.

"అరిసెలు వండుతున్నావా పార్వతీ? పాకం వాసనొస్తంది," అంటూ పక్కింటి ఇన్నమ్మ వచ్చింది.

అప్పటికే ఎక్సిలేటరు తిప్పినచోటే అతుక్కుపోయింది. బండి పోతురాజుతో సహా తోటలోకి దూసుకెళ్లి, చిన్నరసాల మామిడిచెట్టు కింద పాదులో దిగబడి ఆగింది. పార్వతి పరుగెత్తుకొచ్చి బండిని వేలితో తాకి, నాలిక్కి రాసుకుంది.

"డ్రమ్ములోదా కొట్టావ్? అది పండు ఈగలకి ఎరగా కలిపిన బెల్లం నీళ్లయ్యా! మందు ఇంకా కలపలేదు కాబట్టి బతికిపోయాం. ఉండు, పాతసామాన్లోడికి ఫోన్ చేస్తా."

నంబరు నొక్కబోయి ఆగింది. పదిరోజులుగా కాయలన్నీ పొడుస్తున్న ఈగలు ఇప్పుడు బండి మీదే ఉన్నాయి. చెట్టు మీద ఒక్కటి లేదు. ఆమె బండి చుట్టూ ఒకసారి తిరిగింది.

"దీన్నెవరికీ ఇవ్వను."

పోతురాజుకి కళ్లలో నీళ్లు తిరిగాయి. "నాకు తెలుసే, నీ మనసు..."

"కదలనివ్వను కూడా."

అలా బండి దక్కింది. మూడురోజులకోసారి పార్వతే దానికి మందు కలిపిన బెల్లం నీళ్లు పట్టిస్తోంది. కోతలయ్యేదాకా పోతురాజు మాత్రం దగ్గరికి వెళ్లకూడదు, ఈగలు బెదురుతాయట.