వాలీ కంగాస్ చూడని సీజన్

వాలీ కంగాస్ ఒట్టు పెట్టుకున్న సంగతి ఊళ్ళో అందరికీ తెలుసు. ఒట్టు పెట్టుకున్నదీ అతనే, ఊరంతా తిరిగి చాటుకున్నదీ అతనే.

"గడ్డకట్టిన సాక్షి" అనే హత్యల సీరియల్ నాలుగో సీజన్ అప్పుడే మొదలైంది. ఆ కథ జరిగేది వాళ్ళ ఉత్తర మిన్నెసోటాలోనే కాబట్టి ఊళ్ళో ప్రతివాడూ దానికి వాటాదారే. మంచు మాది, షెరీఫ్ మావాడు, శవాలు కూడా మా చుట్టాలవే అన్నంత హక్కుగా మాట్లాడతారు.

శనివారం సాయంత్రం కాఫీ వేళకి వాలీ ఇంట్లో నలుగురు చేరతారు. వాలీ, అతని భార్య ఐలా, పక్కింటి గార్డీ, చర్చిలో ఆర్గన్ వాయించే మ్యూరియల్. గార్డీ రిటైరైన పోలీసు. ఉద్యోగమంతా కలిపి అతను చూసిన అతిపెద్ద నేరం ఒక మంచుబండి దొంగతనం. దాన్నీ దొంగే తిరిగి తెచ్చి ఇచ్చాడు. అయినా హత్యల విషయంలో గార్డీ మాట తీసిపారెయ్యడానికి వీల్లేదు. మ్యూరియల్‌కి హంతకుడెవరో అక్కర్లేదు. వాడింట్లో కర్టెన్లు బాగుంటే వాణ్ణి వదిలెయ్యమంటుంది.

ఆఖరి తీర్పు మాత్రం వాలీదే. పడక్కుర్చీలో ఒరిగి, రిమోట్ గుప్పిట్లో పట్టుకుని, ఒక్కో ఎపిసోడ్‌ని ఉరి తీస్తాడు.

నాలుగో సీజన్ మొదటి ఎపిసోడ్ అయిపోగానే లేచి నిలబడ్డాడు.

"ఛీ! ఇదీ ఒక సీజనేనా? అది మంచా, సబ్బు నురగా? అంత చలిలో షెరీఫ్ చెవులు బయట పెట్టుకుని తిరుగుతాడా? మన దగ్గరైతే సాయంత్రానికి చెవులు రోడ్డు మీద ఏరుకోవాలి!"

ఐలా అల్లిక మీంచి తల ఎత్తలేదు. "మొదటి సీజన్ వచ్చినప్పుడూ ఇదే అన్నావు."

"మొదటి సీజన్ ఆణిముత్యం!"

"రెండోది వచ్చాక అయింది ఆణిముత్యం. అప్పటిదాకా చెత్తే."

"రెండోది మాత్రం..."

"మూడోది వచ్చాక బాగుపడింది."

గార్డీ పకపకా నవ్వాడు. ఆ నవ్వే కొంప ముంచింది. వాలీకి పౌరుషం పొడుచుకొచ్చింది.

"ఇక దీన్ని ఒక్క నిమిషం చూసినా నా పేరు వాలీ కాదు!"

"నీ పేరు మారిస్తే నాకేం లాభం? ఒరిగేదేదైనా పందెం పెట్టు," అంది ఐలా.

"రిమోట్ పెడుతున్నా! చూశానా, చెరువు మంచు కరిగేదాకా రిమోట్ నీదే!"

అక్కడ చెరువు కరగాలంటే మే నెల రావాలి. ఐలా చేతికి రిమోట్ వెళ్ళిందంటే రోజూ కేకుల పోటీలే. కేకు మీద గులాబీ వంకర పోయిందని ఏడ్చే మనుషుల్ని మే దాకా చూడటం కంటే వాలీకి చావే నయం.

"గార్డీ, విన్నావుగా?" అంది ఐలా.

"పోలీసోణ్ణి. వినడమే నా పని."

చిక్కల్లా ఏమిటంటే, ఆ ఎపిసోడ్ చివర షెరీఫ్ చెరువు మంచులోంచి చిన్నపిల్ల ఎర్ర బూటొకటి బయటికి లాగాడు. లాగి, దాన్ని తిప్పి చూశాడు. తెర చీకటైపోయింది. ఎవరిదా బూటు? వాలీ మంచు ఎత్తిపోస్తున్నా అదే, పళ్ళు తోముకుంటున్నా అదే. పెట్రోలు బంకులో, సరుకుల కొట్లో, చర్చి మెట్ల మీద ఎక్కడ చూసినా ఆ సీజన్ గురించే వాదన. చూసినవాళ్ళు రెండు మాటలంటే చూడనివాళ్ళు ఇరవై అంటున్నారు. వాలీ చూడనివాళ్ళ జట్టుకి నాయకుడయ్యాడు.

మరుసటి శనివారం అందరూ రాగానే బకెట్ అందుకుని బూట్లు తొడిగాడు.

"మీరు ఆ చెత్త చూసుకోండి. నేను చేపలకి పోతున్నా."

మంచు తొలిచి చేపలు పట్టుకోడానికి గడ్డకట్టిన చెరువు మీద అతనికో చెక్క గుడిసె ఉంది. లోపల చిన్న పొయ్యి, ఒక బల్ల. గడియ వేసుకుని, బకెట్‌లో ఎర పురుగుల డబ్బా కింద దాచిన టాబ్లెట్ తీశాడు. ఇంట్లో ముగ్గురు చూస్తున్న ఎపిసోడ్‌నే చెరువు మీద ఒక్కడూ చూశాడు. సగానికి టోపీ తీశాడు. చివరికి చేతి తొడుగుతో కళ్ళు తుడుచుకున్నాడు. ఇంత గొప్ప సీజన్ పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. ఆ మాట ఎవరితోనూ చెప్పుకోలేనందుకు కడుపు ఉబ్బిపోయింది.

చేపలకి వెళ్ళినవాడు చేపలు తేవాలి కదా. దారిలో కొట్లో కొని, అట్టపెట్టె పారేసి, బకెట్‌లో వేసుకొచ్చాడు.

"దీనికి చర్మమేదీ?" అంది ఐలా.

"అక్కడే ఒలిచేశా."

"ముళ్ళు?"

"తీసేశా."

"చాలా శుభ్రమైన చేప. ఇది సముద్రం చేపలా ఉందే?"

"ఏమో, దారి తప్పి వచ్చుంటుంది."

ఐలా మూకుడు పొయ్యి మీద పెట్టింది. నమ్మిందనుకుని వాలీ తన తెలివికి తానే మురిసిపోయాడు.

అది మొదలు ప్రతి శనివారమూ అదే తంతు. సీజన్ ఎంత నచ్చితే తిట్లు అంత ఘాటెక్కాయి. ఎర్రబడ్డ కళ్ళతో ఇంటికొచ్చి, "గాలి కొట్టింది," అని, కాఫీ పోసుకుని, "బుద్ధున్నవాడెవడూ దాన్ని చూడడు," అనేవాడు. చూడకుండా ఇంత తిట్టడం కూడా ఒక విద్యేనని మ్యూరియల్ మెచ్చుకుంది.

ఆఖరి ఎపిసోడ్ రోజు వచ్చింది. వాలీ గుడిసెలో కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చి, ముక్కు చీదుకుని, మొహం మీద వెటకారం తగిలించుకుని ఇంటికొచ్చాడు.

"ఏమ్మా, వదిలిందా మీ పీడ?"

"వదిలింది," అంది ఐలా కాఫీ పోస్తూ. "ఏముంది, పశువుల డాక్టరే చంపాడు."

వాలీ కప్పు పెదాల దగ్గర ఆగిపోయింది. చంపింది మంచు తోసే బండి డ్రైవరు.

"ఇన్సూరెన్స్ డబ్బుల కోసం," అన్నాడు గార్డీ పైకప్పు చూస్తూ.

వాలీ బిస్కెట్టు కొరికాడు. పగ కోసం చంపాడు, చిన్ననాటి పగ.

"ఆ కుక్క కూడా పోయింది, పాపం," అంది మ్యూరియల్.

కుక్క నిక్షేపంలా ఉంది. హంతకుణ్ణి పట్టిచ్చిందే అది! వాలీ చెవులు కందిపోయాయి. కాఫీలో చక్కెర వేశాడు. మళ్ళీ వేశాడు.

"ఆ షెరీఫ్‌ది రాతిగుండె," అంది ఐలా తాపీగా. "కూతురు పోయిందని తెలిసినా చలించలేదు. ఆవిరిగదిలో కళ్ళు తుడుచుకున్నాడే, అది పొగకి."

"పొగా?" వాలీ లేచాడు. కాఫీ బల్ల మీద ఒలికింది. "పొగేంటి నీ మొహం! ఏడ్చాడే! ఆ ఎర్ర బూటు గుండెకి పెట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు! డాక్టరెవడు మధ్యలో? కుక్క చావలేదు, మ్యూరియల్ గారూ, కుక్క దేవత! కళ్ళుండీ చూడలేరేంటి మీరు? నాలుగు సీజన్లలో దీనంత గొప్పది ఇంకోటి..."

అక్కడ ఆగాడు. ముగ్గురూ అతన్ని ప్రేమగా చూస్తున్నారు.

"అంటే... ఎవరో అనుకుంటుంటే విన్నా," అన్నాడు.

"ఎవరనుకున్నారు? చేపలా?" అంది ఐలా. "వాలీ, నువ్వు చేపలకి వెళ్ళిన ప్రతిసారీ మంచు తొలిచే బరమా మన గ్యారేజీలోనే వేలాడుతోంది. మంచుకి కన్నం పెట్టకుండా చేప పట్టిన మొగుణ్ణి నేనొక్కదాన్నే చూశాను."

వాలీ కూలబడ్డాడు. "తెలిసీ ఇన్నాళ్ళు ఊరుకున్నావా?"

"నీ నోటితోనే రావాలని ఊరుకున్నా." ఐలా గొంతు కొంచెం మెత్తబడింది. "ఎన్నేళ్ళుగా పక్కపక్కన కూర్చుని చూశాం మనం? నువ్వు అక్కడ ఒక్కడివే ఏడ్చావు. నేను ఇక్కడ గార్డీ పక్కన ఏడ్చాను. రుమాలైనా ఇవ్వలేదు వాడు."

"నాకే చాల్లేదు," అన్నాడు గార్డీ.

వాలీకి నిజంగానే సిగ్గేసింది. రిమోట్ తీసి ఆమె చేతిలో పెట్టాడు. ఐలా దాన్ని తిరిగి అతని ఒళ్ళో పడేసింది.

"నాకిది వద్దు. నీ నోరు కావాలి. సీజనంతా మొదట్నుంచి నా పక్కన కూర్చుని చూడు. మంచు కరిగేదాకా దేన్నీ బాగుందనకూడదు, బాగోలేదనకూడదు."

"ఐలా! రిమోటే తీసుకో తల్లీ, నీకు పుణ్యముంటుంది!"

"గార్డీ, విన్నావుగా?"

"విన్నాను."

సోమవారం సరుకుల కొట్లో అమ్మాయి అడిగింది. "వాలీ గారూ, నాలుగో సీజన్ అయిపోయిందిగా, మీరేమంటారు?" వరసలో నిలబడ్డవాళ్ళంతా చెవులు రిక్కించారు. వాలీ నోరు తెరిచి, పక్కనే ఉన్న ఐలా వైపు చూసి, మూసుకున్నాడు. "ఏమీ అననమ్మా," అని సంచీ తీసుకుని బయటికి నడిచాడు.

వాలీ కంగాస్ దేని గురించో ఏమీ అననన్నాడన్న వార్త గంటలో ఊరంతా పాకింది. పెద్ద జబ్బే అయుంటుందని తీర్మానించుకున్నారు. సాయంత్రానికి పాస్టర్ గారు స్వయంగా, మాంసం మీద బంగాళాదుంపలు పేర్చి కాల్చిన హాట్‌డిష్ పట్టుకుని పరామర్శకి వచ్చారు. వాలీని కూర్చోబెట్టి, పళ్ళెంలో వడ్డించి, వేడివేడిగా ఒక ముద్ద తినిపించారు.

"ఎలా ఉంది, నాయనా?" అని అడిగారు.

వాలీ ముద్ద మింగి, దీనంగా ఐలా వైపు చూశాడు. ఐలా తల అడ్డంగా ఊపింది.