లమారా బాన

లమారా ఆ ఏడు ద్రాక్షను పండకముందే కోయించింది. వైన్ పుల్లగా ఉంటుంది. జౌర్ దృష్టిలో ఇది తేలిపోయిన సంగతి. "బాగుంటుంది, చూస్తూ ఉండు," అని వాదించిన భార్య, భూమిలో పాతిన బానలో ఆ వైన్ పోసి మూత వేసి మట్టి కప్పి, ఆ చలికాలంలోనే కన్నుమూసింది. అప్పటినుంచి అతను మూత తీయలేదు. తీస్తే ఎవరి మాట నిజమో తేలుతుంది. ఊరు దాన్ని ప్రేమ అనుకుంది.

ఆ శనివారం ఉదయం లమారా అక్క కూతురు కెతినో ఫోన్ చేసింది. జార్జియాలోని కఖేతీకి వచ్చే విదేశీయుల అభిరుచి కనుక్కుని తోటలూ భోజనాలూ కుదిర్చిపెట్టడం ఆమె పని.

"బాబాయ్, ఈవిడది హాలండ్. గుంపు వద్దంది. ఓ తోట, ఓ రైతు, ఓ గ్లాసు, అంతే."

"సీసాలోది పోస్తాను. బాన జోలికి రావద్దు."

"నీ బాన ఎవరికి కావాలి? కాస్త గడ్డి పీకి ఉంచు, చాలు."

అతను గడ్డి పీకాడు. బాన మీది మట్టి కూడా చదును చేశాడు. కొంప మునిగింది అక్కడే. ఆ ఊళ్ళో బాన చుట్టూ శుభ్రం చేశాడంటే తెరవబోతున్నాడని అర్థం. ఏళ్ళ తరబడి దాచిన బానను తెరిచేది పెళ్ళికే. గోడ మీదుగా చూసిన పొరుగింటి గోగుత్సా వెంటనే వెళ్ళి రొట్టెల పొయ్యి రాజేసింది.

మధ్యాహ్నానికి జౌర్ పెరట్లో బల్లలు పడ్డాయి. ఎవరో గొర్రెను కోశారు. ఊళ్ళో విందులు నడిపించే షాల్వా పాటగాళ్ళతో దిగాడు. అప్పుడే కెతినో కారులోంచి తెల్ల టోపీతో హాలండ్ ఆవిడ దిగింది.

"మనిషి బాగుందిరా జౌర్," అన్నాడు షాల్వా. "ఎక్కడ పట్టావు?"

"అతిథి. సాయంత్రం వెళ్ళిపోతుంది."

"మా ఆయనా మా అమ్మతో సాయంత్రం వెళ్ళిపోతాననే అన్నాడు," అంది గోగుత్సా. "ఇంకా వెళ్ళలేదు."

వచ్చినవాళ్ళను పొమ్మనడం ఆ ఊళ్ళో జరగని పని. జౌర్ కుర్చీ తెచ్చి సరిగ్గా బాన మూత మీద వేసుకుని కూర్చున్నాడు.

షాల్వా ఆవిడను చూపించి, జౌర్‌ను చూపించి, రెండు వేళ్ళు ముడివేసి కళ్ళెగరేశాడు. ఇదంతా తనకు కుదిర్చిన కార్యక్రమమే అనుకున్న ఆవిడ సంతోషంగా తలూపింది. పెళ్ళిపాట మొదలైంది.

"ఏం చేశావే?" అన్నాడు జౌర్ కెతినోతో.

"నేను ఓ గ్లాసనే చెప్పాను బాబాయ్. చదును చేసింది నువ్వు."

పెళ్ళిపాటను ఆపే దారి ఒక్కటే ఉంది, పోయినవాళ్ళ పేరున గ్లాసెత్తడం. జౌర్ లేచి సీసాలోది గ్లాసులో పోసుకుని పైకెత్తాడు. "లమారా పేరున."

పాట ఆగింది. అందరూ లేచి నిలబడ్డారు. షాల్వా మాత్రం గ్లాసు దించేశాడు.

"ఆవిడ చేసింది కాళ్ళకింద పెట్టుకుని, ఆవిడ పేరున సీసాలోదా? నేను నడిపించే విందులో కుదరదు."

ఎవరూ తాగలేదు. ఎవరూ కూర్చోలేదు.

"పుల్లగా ఉంటుంది," అన్నాడు జౌర్. "ముందే చెబుతున్నాను. కోయించింది నేను కాదు."

కుర్చీ పక్కకు తన్ని, మట్టి తవ్వి, మూత లేపాడు. షాల్వా ముంచి అందరికీ పోశాడు. పోయినావిడ కోసం రొట్టె మీద నాలుగు చుక్కలు ఒంపి తాగారు. తర్వాత ఊరంతా నెమ్మదిగా జౌర్ వైపు తిరిగింది.

"పుల్లగా ఉందా బాబాయ్?" అంది కెతినో.

జౌర్ ఖాళీ గ్లాసు మళ్ళీ చాచాడు.

ఆ రోజు గురించి ఎవరడిగినా, గోగుత్సా రొట్టెలో ఉప్పు ఎక్కువైందని చెబుతాడు. వైన్ గురించి మాత్రం మాట్లాడడు, మాట్లాడబోడు.