మంచుగొట్టంపై ఆర్విడ్ దండయాత్ర

శీతలదేవతల కొలువుకూటమైన ఉత్తర మిన్నెసోటా మండలంలో, సకలజలచరాలూ మంచుకప్పు కింద కళ్లు మూసుకున్న జనవరి మాసాన, పాదరసం సున్నాకు దిగువన ముప్పైనాలుగు మెట్లు దిగి చతికిలబడిన ఒకానొక గురువారం ఉదయం, చక్రస్థగృహాధీశ్వరుడూ, మూడుజతల మేజోళ్ల త్రిగుణపాదకవచధారీ, ముప్పైయేళ్లు రైలుపట్టాలను కాచి విశ్రమించినవాడూ అయిన ఆర్విడ్ కొళాయి తిప్పాడు. కొళాయి ఒక్కసారి గుర్రుమంది. ఆ తరువాత చుక్క రాల్చలేదు.

ఇల్లమ్మి ఈ చక్రాల ఇంటిబండిలో కాపురం పెట్టిననాడే ఆయన ధర్మపత్ని మార్లిస్ ఒక శపథం చేసి ఉంది: ఏనాడు కాఫీవేళకు నీళ్లు రావో, ఆనాడే అక్కగారింటి నేలమాళిగకు ప్రయాణం, మార్చి దాకా అక్కడే వాసం. అక్కడే అక్కమొగుడు అకార్డియన్ అనే తిత్తివాద్యం నేర్చుకుంటున్నాడు.

"తొమ్మిదింటికి కాఫీ పెడతాను," అంది మార్లిస్ ఖాళీ కెటిల్‌ను పొయ్యిమీద పెడుతూ. "నీళ్లొస్తే ఇక్కడ. లేదంటే అక్క దగ్గర."

"అప్పుడే అంత మాటెందుకూ? ఇంకా ఎనిమిదేగా!"

అంతట ఆ ధీరుడు భార్య జుట్టారబెట్టుకునే యంత్రాన్ని దివ్యాస్త్రంలా ధరించి హిమరణరంగంలోకి దిగి, శ్వేతోరగంలా బిగుసుకుపోయిన నీటిగొట్టం ఎదుట నిలిచి ఇలా గర్జించాడు: "ఓరీ జలనిరోధకాధమా! గడ్డకట్టిన రైలింజన్లను కరిగించి కదిలించిన చేతులురా ఇవి! నీ గర్వహిమాన్ని ద్రవింపజేయకుంటే నా పేరు ఆర్విడ్ కాదు!" పావుగంట పోరాడి, అస్త్రం కాసింత పొగ వదిలి వీరస్వర్గం అలంకరించింది.

పక్కబండి డెల్మర్ జేబుల్లో చేతులు పెట్టుకుని వచ్చాడు.

"కాస్త చల్లగానే ఉంది."

"ఇంతకంటే చలి చూశాంలే."

"నా దగ్గర పాత రంగు ఊడగొట్టే వేడిగాలి తుపాకీ ఉంది. తెచ్చివ్వనా?"

"ఎందుకులే, నీకు శ్రమ."

ఆ సీమలో మొదటిసారి అడగ్గానే పుచ్చుకోవడం అత్యాశ, రెండోసారికి పుచ్చుకోవడం సిగ్గుమాలినతనం. ముమ్మారడిగాక కాదనడం మహాపరాధం. ఇది తాతలనాటి ధర్మం.

"శ్రమేముంది? బల్లమీదే ఉంది."

"వద్దొద్దు, అయిపోవచ్చింది."

డెల్మర్ మూడోసారి నోరు తెరవబోయాడు. సరిగ్గా అప్పుడే వాళ్లావిడ కేకేసింది: "పాన్‌కేకులు చల్లారిపోతున్నాయి!" డెల్మర్ లోపలికి వెళ్లిపోయాడు.

ధర్మబద్ధుడైన ఆర్విడ్ నోరు తెరిచి అడగలేక డెల్మర్ కిటికీ ముందు నాలుగు ప్రదక్షిణలు చేశాడు, దగ్గాడు, రెంచిని రెండుసార్లు జారవిడిచాడు. ఎనిమిదీ నలభై అయింది. ఆయన కనుబొమలపై మంచు పేరుకుంది, గుండెలో అకార్డియన్ మోగసాగింది. తన ఇంట్లో తాను ఉండే యోగం పాన్‌కేకుల పాలైందని నిజంగానే దిగులుపడ్డాడు.

ఇదంతా మార్లిస్ చూస్తూనే ఉంది. శపథం చేసిందే గాని, ఆమెకూ నేలమాళిగ ఇష్టం లేదు. పొద్దున్నే గడ్డకట్టిన సరస్సు కనిపించే ఈ కిటికీ అంటే ఆమెకు ప్రాణం. దాన్ని బర్రున తెరిచింది.

"డెల్మర్! మా ఆయన్ని ఏదో అడుగుతూ అడుగుతూ మధ్యలో వదిలేశావు!"

డెల్మర్ గడ్డానికి పాకంతో, చేతిలో వేడిగాలి తుపాకీతో పరుగెత్తుకొచ్చాడు. "అయ్యో, రెండుసార్లేనా అడిగిందీ! ఇదిగో, వాడతావా?"

"నీకు మరీ ఇబ్బంది కాకపోతే," అన్నాడు ఆర్విడ్, రెండు చేతులూ చాచి.

అనంతరం జరిగిన ఘోరసంగ్రామంలో హిమశకలాలు చిట్లాయి, గొట్టం సడలింది. ఎనిమిదీ యాభైయెనిమిదికి కొళాయి దగ్గి, తుమ్మి, అరకప్పు నీళ్లు కక్కి, మళ్లీ చుక్కలకు దిగింది. మార్లిస్ ఆ నీళ్లతోనే కాఫీ కాచింది.

"డెల్మర్, కాఫీ?"

"వద్దమ్మా, ఇప్పుడే తిన్నాను."

"కాస్తే."

"వద్దులే."

ఆర్విడ్ ఊపిరి బిగబట్టాడు. మార్లిస్ మొగుడి కనుబొమల మీది మంచును చూసింది, కప్పును చూసింది, ధర్మాన్ని తలచుకుంది.

"ఒక్క గుక్క తాగి వెళ్లు."

"సరే, నీ మాట కాదనలేను," అని డెల్మర్ మొత్తం తాగేశాడు.

"ఫర్లేదు, ఇంతకంటే అధ్వానం కాలేదు," అంది మార్లిస్ మొగుడితో. ఆ దేశంలో అంతకు మించిన బిరుదు లేదు.

దిక్కులారా, వినండి! ఆ విధంగా మహావీరుడు ఆర్విడ్ అరకప్పు నీటిని జయించి, దాన్ని పక్కవాడికి ధారపోసి, వట్టి కప్పు ముందు కూర్చుని, అకార్డియన్ లేని తన సొంత ఇంట్లో, రెండో కప్పు కోసం కొళాయి చుక్కలు లెక్కపెట్టసాగాడు.