రెండు కిటికీల తుపాకి కార్యాలయం

తుపాకి చావులు తగ్గాలి, చట్టప్రకారం తుపాకి పెట్టుకున్నవాడి హక్కు మాత్రం వెంట్రుకవాసి కూడా తగ్గకూడదు. పాము చావకుండా, కర్ర విరగకుండా ఇంత చక్కటి పాలన భూమ్మీద ఎక్కడైనా ఉందంటే అది అమెరికాలోని మోంటానాలో, మా టామరాక్ కౌంటీలో ఉంది. ఏళ్ల తరబడి జుట్లు పట్టుకుని, చివరికి మావాళ్లు తుపాకి సమతుల్య కార్యాలయం పెట్టారు. భద్రతకొక కిటికీ, హక్కుకొక కిటికీ. ఒకరి గాలి ఒకరికి సోకకుండా మధ్యలో గోడ. (డబ్బంతా గోడకే అయిపోయింది కాబట్టి రెండు కిటికీలకీ డార్లీన్ వాస్ ఒక్కతే. గోడకున్న తలుపులోంచి అటూ ఇటూ తిరుగుతుంది.)

జింకల వేట మొదలవబోతుండగా ఓరిన్ హాగెన్ తన నాలుగు తుపాకులూ ట్రక్కులో వేసుకొచ్చాడు. వసంతంలో భార్య మార్లిస్ పోయింది. అప్పట్నుంచి ఆ ఇంట్లో మిగిలింది ఆయనా, అవీ.

"కొన్నాళ్లు ఇవి నీ దగ్గర పెట్టుకో అమ్మా," అన్నాడు భద్రత కిటికీ దగ్గర.

"ఎందుకు బాబాయ్?"

"ఎంతసేపూ మనసు వాటి మీదకే పోతోంది. నా మీద నాకే నమ్మకం లేకుండా ఉంది."

డార్లీన్ కళ్లలో నీళ్లు తిరిగాయి. (భద్రత కిటికీలో ఇందుకు అనుమతి ఉంది.) "అయ్యో, ఇప్పుడే తీసుకుంటా. హక్కు వాళ్లు సరేనంటే చాలు. పక్క కిటికీకి వెళ్లు."

ఆయన గోడ చుట్టి వెళ్లేసరికి ఆమె అక్కడ కూర్చుని ఉంది.

"మీ పేరండీ?"

"ఇందాకేగా మాట్లాడాను డార్లీన్! నీ పెళ్లి విందుకి జింకను కొట్టి తెచ్చింది నేను కదే!"

"భద్రత వాళ్లతో మాట్లాడింది మేం వినకూడదండి. మీ తుపాకులు ఎవరైనా లాక్కుంటున్నారా?"

"నేనే ఇస్తున్నా."

"అంటే మీ తుపాకుల్ని మీ దగ్గర్నుంచి మీరే తీసేస్తున్నారు. దీనికి మీరు ఒప్పుకున్నారా?"

"ఒప్పుకోకపోతే ఎందుకొస్తా?"

"ఆ తీసేస్తున్నాయన మిమ్మల్ని బెదిరించి ఒప్పించి ఉండొచ్చు కదండీ. ఉండేది మీ ఇంట్లోనేగా."

విచారణ వేశారు. తీసేస్తున్న ఓరిన్, పోగొట్టుకుంటున్న ఓరిన్ ఇద్దరూ విధిగా హాజరవ్వాలి. అదీ వేటకాలం ముగిశాకే. అంతవరకూ హక్కుకి భంగం కలగకుండా తుపాకులు ఆయన ఇంట్లోనే ఉండాలి.

బయట ట్రక్కులో ఊరికే కూర్చున్న ఓరిన్‌ని లానీ పెట్రక్ చూశాడు. ఈ కార్యాలయం వద్దంటూ ప్రతి మీటింగులో గొంతు చించుకున్న మనిషి.

"ఏంట్రా, ఇక్కడేం పని నీకు? ఆ గవర్నమెంటోళ్లకి తుపాకులిస్తావా?"

ఓరిన్ జరిగింది చెప్పాడు. లానీ చాలాసేపు టైరు వంక చూశాడు. మా మగాళ్లు ఇలాంటివి మొహం చూసుకుని మాట్లాడుకోరు. కానీ వేటకాలంలో ఒకడు తుపాకి ఎరువడిగితే ఇంకొకడు కాదనకూడదు. అది ఏ కిటికీలోనూ రాసి లేదు.

"నా తుపాకి గురి తప్పుతోందిరా," అన్నాడు లానీ. "నీవి ఇవ్వు."

"నాలుగూనా?"

"ఏది నా చేతికి నప్పుతుందో చూడొద్దూ?"

"మళ్లీ ఎప్పుడిస్తావ్?"

"రోజూ పొద్దున్నే మా ఇంటికొచ్చి, కాఫీ తాగి అడుగు. ఇవ్వనంటా. మర్నాడు మళ్లీ రా."

ఓరిన్ నవ్వాడు, ఆ వసంతం తర్వాత మొదటిసారి. తుపాకులు ఒక ట్రక్కులోంచి ఇంకో ట్రక్కులోకి మారాయి. ఆయన రోజూ వెళ్లాడు, అడిగాడు, తిట్లు తిన్నాడు, గుడ్లూ బేకనూ తిన్నాడు. లానీ ఆ ఏడు ఒక్క జింకనీ కొట్టలేదు. చూస్తుంటే నా కడుపు నిండిపోయింది.

మంచు పడ్డాక విచారణ జరిగింది. డార్లీన్ మొదట ఒక ఓరిన్‌ని పిలిచింది, తర్వాత రెండో ఓరిన్‌ని పిలిచింది. ఇద్దరూ వచ్చారు. విచారణకొచ్చిన కౌంటీ కమిషనర్ గారు కళ్లజోడు సర్దుకుని తీర్పు చదివారు:

"అర్జీదారు ప్రాణాలతో హాజరయినందున, ప్రమాదమేదీ లేదని రుజువైనది. అర్జీ కొట్టివేయడమైనది."