నల్లా రానందుకు నష్టపరిహారం

“ఇకమీదట నాచారంల మాట తప్పినా ఎవ్వరికీ నష్టం ఉండది” అని కార్పొరేటర్ ఉపేందరన్న 2011 ఏప్రిల్‌లో మైకు ముందు ప్రకటించాడు. మాట నిలబెట్టుకునే నాయకులు ప్రతి డివిజన్‌లోనూ ఉంటారు. తప్పిన మాటకు పద్ధతిగా నష్టపరిహారం తేలుస్తానన్నవాడు ఈయనొక్కడే. చప్పట్లు కొట్టినవాళ్లలో ఆరో గల్లీ రాములమ్మ కూడా ఉంది.

ఎన్నికలప్పుడు ఆమె ఇడ్లీ బండికి పార్టీ జెండా కట్టుకోనిచ్చింది. అందుకు బదులుగా, గెలిచిన మూడు నెలల్లో ఇంటి ముందు నీళ్ల నల్లా పెట్టిస్తానని ఆయన బాండు పేపరు మీద సంతకం చేశాడు. గెలిచి పదహారు నెలలైంది. ట్యాంకరు పొద్దున పదింటికి వస్తుంది. ఆమె ఇడ్లీలు తినే మల్లాపూర్ ఫ్యాక్టరీల ఫస్టు షిఫ్టు ఆరింటికే లోపలికి పోతుంది. జనవరి నుంచి బండి గోడకు ఆనుకునే ఉంది. పరిహారం వస్తే రెండు పెద్ద డ్రమ్ములు కొని, ముందురోజే నీళ్లు పట్టుకుని, ఫ్యాక్టరీ గేటు ముందరి జాగా ఇంకొకరి పాలు కాకముందే బండి తీయాలని ఆమె ఆశ.

లెక్క తేల్చడానికి హబ్సిగూడ నుంచి సత్యనారాయణమూర్తి గారిని ఆరో గల్లీకి పిలిపించారు. ఆయన ముప్పై ఏళ్లు లా కాలేజీలో కాంట్రాక్టుల చట్టం చెప్పి రిటైరయ్యారు. నూటయాభై ఏళ్ల కిందట ఇంగ్లండు జడ్జీలు ఏమన్నారో ఆయనకు నిన్నటి సంగతిలా తెలుసు.

“అమ్మా, సూత్రం చాలా ఉదారమైనది. మాట నిలబెట్టి ఉంటే మీరు ఏ స్థితిలో ఉండేవారో, పరిహారం మిమ్మల్ని ఆ స్థితిలో ఉంచాలి.”

“సల్లంగుండు సారూ. గంతే జాలు.”

“నల్లా రాకపోతే బండి ఆగుతుందని మాటిచ్చేటప్పుడు ఆయనకు తెలుసా? ఊహకందని నష్టానికి ఆయన బాధ్యుడు కాడు.”

“ఎందుకు దెల్వదు? నా బండికాడ ఆరిడ్లీలు తినుకుంటనే సంతకం వెట్టిండు.”

“తిన్న,” అని ఉపేందరన్న నిజాయితీగా ఒప్పుకున్నాడు. “గని లీడర్‌గ తిన్ననా, ఆకలై తిన్ననా, యాదికి లేదు.”

మూర్తి గారు ఆ సంశయాన్ని గౌరవించి, సగం తెలుసునని రాసుకున్నారు.

“నష్టం తగ్గించుకోవడానికి మీరేం చేశారు?”

“ఫ్యాక్టరీ వాచ్‌మన్ ఉప్పలయ్యకు రోజు ఇడ్లీలు వెట్టి నాలుగు బిందెలు తెచ్చుకున్న.”

“శభాష్. అయితే ఆ రోజులకు నష్టం లేదు.”

“జనవరిల ఆయన డ్యూటీ మార్చిన్రు. గప్పటికెల్లి బండి బందు.”

“అయ్యో. ప్రయత్నం మానేసిన రోజులకు చట్టం ఏమీ ఇవ్వదమ్మా.”

“తెచ్చుకుంటే నష్టం లేదంటివి, తెచ్చుకోకుంటే ఇయ్యమంటివి. మరి ఎప్పుడిస్తరు సారూ?”

“మంచి ప్రశ్న. మా ఫైనలియర్ పిల్లలు కూడా అడిగేవారు,” అని ఆయన పేజీ తిప్పారు. “ఇక అసలు సంగతి. నల్లా వచ్చి ఉంటే మీరెలా ఉండేవారు? దీనికి సాక్ష్యం కావాలి.”

“ఉంది సార్!” ఉపేందరన్న లేచాడు. “ఐదో గల్లీల మాట నిలవెట్టుకున్న.”

అందరూ ఐదో గల్లీకి నడిచారు. సుశీలమ్మ ఇంటి ముందు నీలి రంగు వేసిన నల్లా ఉంది. మూర్తి గారు స్వయంగా తిప్పారు. బుస్సుమని గాలి వచ్చింది.

“వెట్టిన కాడికెల్లి గింతే,” అంటూ సుశీలమ్మ బిల్లుల కట్ట తెచ్చింది. “నీళ్లు ఒక్కనాడు రాలే, బిల్లు ఒక్కనెల తప్పలే.”

మూర్తి గారు అక్కడే నిలబడి లెక్క కట్టారు. నల్లా వచ్చి ఉంటే నీళ్లుండేవి కావు, పదమూడు నెలల బిల్లులుండేవి. రానందువల్ల నీళ్లూ లేవు, బిల్లులూ లేవు.

“రాములమ్మ గారూ, మాట తప్పడం వల్ల మీరు లాభపడ్డారు. పరిహారం సున్నా.”

“ఆ లాభం ఆమెనే ఉంచుకోనియ్ సార్, గరీబుది,” అన్నాడు ఉపేందరన్న. ఆయన వెంట తెచ్చుకున్న ఫొటోగ్రాఫరు ఆ త్యాగాన్ని రెండు కోణాల్లో తీశాడు.

“మరి నా బండి సారూ?”

“లాభాల్లో ఉన్నవారికి బండెందుకమ్మా?” అని మూర్తి గారు అభినందించారు.

సుశీలమ్మ ఆమెను పక్కకు లాగింది. “వదినా, నీ బాండు పేపరు జర ఇయ్యి.”

“ఎందుకు?”

“దాన్ని జూసుకుంట, మాకిచ్చిన మాట గూడ తప్పుమని, నల్లా వీకుమని అర్జీ రాసుకుంటం.”

రాములమ్మ కొంగున ముడేసిన కాగితం తీసి ఇచ్చింది. పావుగంటలో ఐదో గల్లీ ఆడవాళ్లంతా అర్జీ మీద సంతకాలు పెట్టారు. దాన్ని చదువుతుంటే ఉపేందరన్న కళ్లు చెమర్చాయి. రెండు చేతులూ జోడించాడు.

“అమ్మా, ఇంకేమన్న అడుగున్రి. ఇచ్చిన మాట తప్పుడు నాతోని గాదు.”