చెన్నకేశవులు గారి బరువు

ఆ రోజు ఉదయం కీర్తన వేసుకున్న పథకం చాలా చిన్నది. పదకొండింటికి హైదరాబాదు నుంచి ప్రేమ్ సాగర్ అనే రైల్వే అధికారి నంద్యాలలోని వాళ్ల ఇంజనీరింగ్ కాలేజీకి వస్తాడు. ఆమె తయారు చేసిన రాగి తీగను నియమం ప్రకారం యంత్రంలో అరగంటసేపు ఐదు క్వింటాళ్ల బరువుకు లాగి చూస్తాడు. తీగ నిలిస్తే సంతకం పెడతాడు. తెగితే మూడేళ్ల పరిశోధన ఆ సాయంత్రానికే మూతపడుతుంది.

గంటకు మూడు వందల కిలోమీటర్ల వేగంతో పోయే రైళ్ల నెత్తిన కట్టడానికి ఆ తీగ. బిగించి లాగి కట్టాలి కాబట్టి బలం ఉండాలి. రైలుకు కరెంటు దాని గుండానే అందాలి కాబట్టి కరెంటూ ధారాళంగా పారాలి. వట్టి రాగిలో కరెంటు పారుతుంది కానీ బలం చాలదు. బలం కోసం మరో లోహం కలిపితే కరెంటు మొరాయిస్తుంది. ముందు నుయ్యి, వెనుక గొయ్యి. చిటికెడు క్రోమియం, అంతకన్నా తక్కువ జిర్కోనియం కలిపి, కాల్చి, చల్లార్చి, సాగదీసి, మళ్లీ కాల్చి, ఆరు తీగలు తెంపుకున్నాక కీర్తనకు ఏడో తీగ మీద నమ్మకం కుదిరింది. కరెంటు పరీక్ష ముందురోజే గట్టెక్కింది. ఇక మిగిలింది బలం.

సరిగ్గా ఎనిమిదింటికి, తీగలను లాగి చూసే యంత్రం మోటారు కాలిపోయింది.

"వాయిదా అడుగుదాం కీర్తనమ్మా," అన్నాడు ల్యాబు సహాయకుడు జయరాజు.

"వాయిదా అంటే మళ్లీ రారన్నా. యంత్రం లేకుంటే ఏమి? ఐదు క్వింటాళ్ల బరువు కట్టి యాలాడదీస్తాం."

"యాడ తెస్తావ్ ఐదు క్వింటాళ్లు?"

కీర్తన రాతి విగ్రహాలకు పేరుపడ్డ ఆళ్లగడ్డలో చదువుకున్న పిల్ల. ఆళ్లగడ్డలో చదివినవాళ్లకు బరువనగానే గుర్తొచ్చేది శిల్పులే. బడిలో తనతోపాటు చదివి శిల్పి అయిన సురేష్‌కు ఫోను చేసింది.

"నీకు యోగముండాది," అన్నాడు సురేష్. "గోస్పాడు మాజీ సర్పంచ్ చెన్నకేశవులు గారి విగ్రహం ఇప్పుడే లారీకెక్కిస్తాండా. ఎట్లా నంద్యాల మీదనే పోవాల. నా పుస్తకంలో ఐదు క్వింటాళ్లని రాసిండా. అరగంట ఆపుతాలే."

పదిన్నరకల్లా తెల్లగుడ్డ చుట్టుకుని చెన్నకేశవులు గారు కాలేజీకి వచ్చారు. ల్యాబు ముందరి ఇనుప దూలానికి బరువులెత్తే చైన్ బ్లాకు ఉంది. దాని కొక్కేనికి తీగ, తీగ కొసన పట్టీలు, పట్టీల్లో ఆయన. పాదాలు నేలకు జానెడెత్తున ఆగాయి. లారీ ఊరికే నిలబడటం ఎందుకని, గద్దెకు పరిచే బండల కోసం సురేష్ దాన్ని బేతంచెర్లకు పంపించాడు. ఇలాంటి తెలివితేటలతోనే మన దేశంలో పనులన్నీ ఆలస్యమవుతుంటాయి.

ప్రేమ్ సాగర్ సమయానికే వచ్చాడు. విగ్రహాన్ని ఎగాదిగా చూసి, "ఎంత బరువు?" అని అడిగాడు.

"ఐదు క్వింటాళ్లు సార్."

"నియమం మారిందమ్మా. పోయిన వారం నుంచి ఆరు. మీకు ఉత్తరం రాలేదా?"

రాలేదు. అయినా కీర్తన, "కట్టింది కట్టినాం, చూడండి సార్," అంది. అరగంట గడిచింది. తీగ చెక్కుచెదరలేదు. అధికారి నిజంగానే బాధపడుతూ, తిరస్కరణ కాగితం మీద సంతకానికి కలం తీశాడు.

ఈలోగా విద్యార్థులు చేయవలసింది చేసేశారు. ముసుగేసిన విగ్రహం కనబడితే ఆవిష్కరణే అనుకుని ఫోటో తీసి స్టేటస్ పెట్టారు. అది ముందుగా చేరిన ఊరు గోస్పాడు. సాయంత్రం ఊళ్లో ఆవిష్కరణకు వాయించాల్సిన డప్పులవాళ్లతో సహా, రెండు ఆటోల్లో రామేశ్వరమ్మ వచ్చి దిగింది. చెన్నకేశవులు గారి భార్య.

"ఓరి మీ కడుపు కాలా! మా ఆయప్పను యాలాడదీసినారే!"

"యాలాడదీయలేదు పెద్దమ్మా, పరీక్ష పెడ్తాండాం," అంది కీర్తన కంగారుగా.

"పోయినోనికి ఇంగేం పరీక్ష?"

"ఆయనకు కాదు, తీగకు. అయిపోయింది. ఇప్పుడే దించుతాం."

"యాడికి దించుతావ్?"

"నేల మీదికి."

అంతే. రామేశ్వరమ్మ రెండు చేతులూ చాచి అడ్డం నిలబడింది. "గద్దె ఎక్కేదాంకా ఆయన కాలు నేలకు ఆనగూడదు. లారీలోనుంచి గద్దె మీదికే పోవాల. దించితే నా మింద దించండి."

ఆమె మీద దించడానికి ఎవరూ ఒప్పుకోలేదు. లారీ డ్రైవరుకు ఫోను చేస్తే, బేతంచెర్లలో బండలు ఇంకా ఎక్కించలేదన్నాడు. అధికారి మెల్లగా కారు వైపు జరగబోయాడు.

"నువ్వు యాడికి పోతాండావ్ సారూ? తెగిందంటే సాక్షి ఎవురు? కూర్చో," అంది రామేశ్వరమ్మ.

ఆయన కూర్చున్నాడు. కాగితం జేబులోకి పోయింది. డప్పులవాళ్లు వచ్చినందుకు ఒక దరువు వేశారు. కీర్తన మాత్రం కదలలేదు. పరీక్ష పోయినా తీగ తనదే. పది నిమిషాలకొకసారి స్కేలు పెట్టి తీగ పొడుగు కొలిచి రాసుకుంటూ నిలబడింది.

"పోయినదానికి ఇంగా ఎందుకమ్మా ఈ కొలతలు?" అన్నాడు జయరాజు.

"ఎనిమిదో తీగకు పనికొస్తాయన్నా."

మూడు గంటలకు లారీ వచ్చింది. రామేశ్వరమ్మ పైనించి కిందిదాకా తడిమి, "ఏమిరిగిందో ఏమో, నేను నమ్మను. కాటా ఎయ్యండి," అంది. కాలేజీ గేటు ఎదురుగానే లారీల కాటా ఉంది. విగ్రహం లేకుండా ఒకసారి, విగ్రహంతో ఒకసారి లారీని తూచారు. కాటా మనిషి లెక్క చూసి చెప్పాడు. "ఆరు క్వింటాళ్ల యాభై."

కీర్తన సురేష్ వైపు తిరిగింది. "ఐదన్నావ్ కదప్పా!"

"ఐదంటే పని అయిపోయినాక బరువు," అన్నాడు సురేష్, ఇందులో అడగడానికేముందన్నట్టు. "మీసాలు, కండువా అంచులు, కాళ్లకింద రాయి మేము ఈడనే తీయం. దారిలో కుదుపులకు ఇరుగుతాయి. మందంగా ఉంచి, గద్దె ఎక్కినాక ఆడనే చెక్కుతాం. మా తాత కాడి నుంచీ అంతే."

కీర్తన కళ్లనిండా నీళ్లు వచ్చాయి, తుడుచుకోలేదు కూడా. ఆరు క్వింటాళ్లు అరగంట మోయాల్సిన తీగ, ఆరున్నర క్వింటాళ్లను నాలుగు గంటలకు పైగా మోసింది. చూస్తూ కూర్చున్న సాక్షి సాక్షాత్తూ అధికారే.

ప్రేమ్ సాగర్ జేబులోని కాగితం తీసి చింపేశాడు. కారు బానెట్ మీద కొత్త ఫారం పరిచి, మంజూరు అని రాసి సంతకం పెట్టాడు. 'పరీక్షకు వాడిన బరువు, వివరము' అన్న గడి దగ్గర మాత్రం కొంచెంసేపు ఆగాడు. తర్వాత శ్రద్ధగా ఇలా నింపాడు: మాజీ సర్పంచ్ ఒకరు, మీసాలు చెక్కక మునుపు.