ఎక్కువకు గడి లేదు

మనిషి కష్టాలన్నీ లేమి వల్లనే పుడతాయని ఫ్రిజ్ కంపెనీ వారు ఏనాడో తేల్చేశారు. నీళ్లు లేకపోవడం కష్టం, చల్లదనం లేకపోవడం కష్టం, ఐసు లేకపోవడం మహా కష్టం. ఏదైనా ఎక్కువ కావడం మాత్రం కష్టం కిందికి రాదు. అది అదృష్టం కిందికి వస్తుంది. అదృష్టాలు చూసే విభాగం కంపెనీలో లేదు. (ఒకప్పుడు ఉండేదట. పని ఎక్కువైపోయిందని మూసేశారు.)

ఇంతటి సిద్ధాంతం ఒక ఇంటి వంటగదిలో, ఒక అత్తగారి మోకాలి మీద పరీక్షకు నిలబడింది.

ఆవిడ దర్జీ. కాలితో తొక్కే కుట్టుమిషను మీద ఊళ్లో సగం మందికి బట్టలు కుట్టిన మనిషి. తొక్కీ తొక్కీ రెండు మోకాళ్లూ అరిగిపోయాయి. ముందు కుడిదానికి ఆపరేషను చేశారు. అది మాట వింటే ఆ తర్వాత ఎడమదానికి. ఈలోగా మూడు పూటలా ఐసు పెట్టాలనీ, పెట్టకపోతే వాపు తగ్గదనీ, వాపు తగ్గకపోతే కాలు వంగదనీ, కాలు వంగకపోతే మిషను మాట మర్చిపోవాలనీ డాక్టరు చెప్పాడు. ఆవిడ అన్నీ వింది గానీ చివరి మాట దగ్గర ముఖం తిప్పేసుకుంది.

అందుకని కూతురింట్లో, తనంతట తానే ఐసు చేసుకునే ఫ్రిజ్ దిగింది. తెచ్చింది అల్లుడు. అతను అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దుతాడు. ఒక్క ఒత్తు తప్పినా అన్నం సయించని రకం. ఊళ్లో దుకాణాలన్నీ తిరిగి, "నేనే ఎంచాను" అని నలుగురికీ చెప్పి మరీ కొన్నాడు. ఆ ఎంపికే కొంప ముంచింది. (ఈ మాట అలంకారం కాదని ముందు ముందు తెలుస్తుంది.)

ఫ్రిజ్ కింది అరలో ఐసు పెట్టె ఉంది. ఒక గొట్టం పైనుంచి అచ్చుల్లోకి నీళ్లు వదులుతుంది. అచ్చులు నిండగానే ఆగాలి. ఆగలేదు. నీళ్లు అచ్చులు దాటి కింద పెట్టెలో పడి, అప్పటికే ఉన్న ముక్కలన్నిటినీ కలుపుకుని ఒకే బండగా బిగుసుకున్నాయి. పెట్టె నిండా ఐసు ఉంది, మోకాలికి ఒక్క ముక్క లేదు.

"ఐసు ఉందా అల్లుడుగారూ?" అంది అత్తగారు హాల్లోంచి.

"ఉందత్తయ్యా. రావట్లేదు."

"పిలిచి చూశారా?"

అల్లుడు కంపెనీ యాప్ తెరిచాడు. 'మీ కష్టం ఎంచుకోండి' అని గడులు వచ్చాయి. ఐసు రావడం లేదు. ఐసు తక్కువగా వస్తోంది. ఐసు ఆలస్యంగా వస్తోంది. ఐసు మనసుకు నచ్చేలా లేదు. ఎక్కువకు మాత్రం గడి లేదు. 'ఇతర కష్టాలు' నొక్కితే అదే కంపెనీ వారి ఇంకా పెద్ద ఫ్రిజ్ ప్రకటన వచ్చింది.

ఫోను చేస్తే యంత్రం ఎత్తింది. సమస్య ఏదో సొంత మాటల్లోనే చెప్పమంది. ఆ మర్యాదకు అతను కరిగిపోయాడు.

"ఐసంతా ఒకే గడ్డ అయిపోయిందండీ."

"గడ్డ అని నమోదు చేసుకున్నాం. గడ్డ ఎన్నాళ్లుగా ఉంది? నొప్పిగా ఉందా?"

"నొప్పి మా అత్తగారికండీ."

"మీ అత్తగారి గడ్డకు చింతిస్తున్నాం. మా ఉద్యోగికి కలుపుతున్నాం."

ఉద్యోగి కలిశాడు. "ఐసు వస్తోందా సార్?"

"వస్తోంది, కాకపోతే..."

"చాలా సంతోషం సార్," అని పెట్టేశాడు.

భార్య పక్కనే నిలబడి అంతా వింది. "ఏవండీ, తక్కువ అని నొక్కెయ్యండి. మనిషంటూ వస్తే చూసి అతనికే తెలుస్తుంది."

అతను ఆ గడి వంక చాలాసేపు చూశాడు. రోజంతా తప్పు మాట కొట్టేసి ఒప్పు మాట పెట్టే చేత్తో, తెలిసి తెలిసి ఎక్కువ ఉన్నచోట తక్కువ అని ఎలా పెట్టడం? ప్రాణం ఒప్పడం లేదు.

"కాలు నాది. అబద్ధం కూడా నాదే అనుకోండి," అంది అత్తగారు. నొక్కాడు.

మెకానిక్ వచ్చాడు. ఇద్దరూ కలిసి లాగితే గానీ కింది అర తెరుచుకోలేదు.

"ఐసు ఉందిగా సార్."

"ఉంది. ఎక్కువుంది."

"నా చీటీలో తక్కువని ఉందండీ."

"ఎక్కువకి గడి లేదు. మీరు కళ్లతో చూస్తున్నారు కదా."

"నేను చూస్తున్నానండీ. చీటీ చూడట్లేదు."

నీళ్లాపే వాల్వు సరిగ్గా మూసుకోవడం లేదని అతనికి చూడగానే తెలిసింది. మరి మార్చవచ్చు కదా అంటే కాసేపు నీళ్లు నమిలాడు. (ఆ వంటగదిలో వాటికి కొదవ లేదు.) తక్కువని వచ్చిన ఇంట్లో నీళ్లు పెంచాలన్నది నిబంధన. పెంచకపోతే పని చేయనట్టే. "ఏమీ అనుకోకండి," అని పెంచేసి వెళ్లాడు.

మర్నాటికి నీళ్లు వంటగది నేల మీదికి వచ్చాయి. కుళాయి కట్టేద్దామన్నా, బండను సుత్తితో కొడదామన్నా హామీ పత్రం అడ్డం పడింది. నీరు ఆపినచో, లేదా ఐసుపై చేయి చేసుకున్నచో, కొన్నవారికి ఫ్రిజ్ పట్ల విశ్వాసం పోయినట్లు భావించి హామీ రద్దు చేయబడును. అల్లుడు కంపెనీకి పెద్ద ఉత్తరం రాశాడు. కష్టాల విభాగం ముఖ్యాధికారి నుంచి జవాబు వచ్చింది. అవసరానికి మించి ఐసు అందుకుంటున్న తమ కుటుంబానికి 'అభిణందనలు' అని ఉంది అందులో. అతను ముందు ఆ 'ణ'ను ఎర్రసిరాతో దిద్ది, ఆ తర్వాత నీరుగారిపోయాడు.

అత్తగారు ఉత్తరం చదివించుకుని వింది. "అమ్మాయ్, నా కుర్చీ ఫ్రిజ్ దగ్గరికి లాగు."

"ఎందుకమ్మా?"

"ఐసు రానంటే రానంటోంది. కాలు వస్తానంటోందిగా."

మూడు పూటలా కింది అర తెరిచి, తువ్వాలు చుట్టిన మోకాలిని బండకు ఆనించి, ఒళ్లో చొక్కా పెట్టుకుని చేత్తో అంచులు కుట్టేది. బండ కరిగినంత మేరా గొట్టం మళ్లీ నింపేది. వాపు తగ్గింది. కాలు వంగింది. ఒక సాయంత్రం కుర్చీలో కూర్చునే, గాల్లో మిషను తొక్కి చూపించింది. అల్లుడికి కళ్లలో నీళ్లు తిరిగాయి. (అవి మాత్రం తగినన్నే.)

అక్కడితో ఊరుకోవచ్చు. కానీ ప్రూఫులు దిద్దేవాడు కనపడ్డ తప్పును వదిలిపెట్టడు. రాసిన చోటికే మళ్లీ మళ్లీ రాశాడు. ఆఖరికి కంపెనీ దిగొచ్చి, యాప్‌లో కొత్త గడి పెట్టింది. ఐసు ఎక్కువగా వస్తోంది. అతను దాన్ని భార్యకు చూపించాడు, అత్తగారికి చూపించాడు, అచ్చాఫీసులో అందరికీ చూపించాడు. తర్వాత తృప్తిగా నొక్కాడు.

మెకానిక్ వచ్చేసరికి ఇంట్లో అత్తగారు ఒక్కతే ఉంది. ఈసారి చీటీలో 'ఎక్కువ, తగ్గించవలెను' అని ఉంది. ఎంతకు తగ్గించాలో లేదు.

"మొత్తం తగ్గించేస్తానమ్మా. ఇంక ఎక్కువన్న మాటే రాదు," అన్నాడు. బండ కరిగించి, నీళ్లు పూర్తిగా కట్టేసి, దాని మీద కంపెనీ సీలు వేసి, నేల కూడా తుడిచి వెళ్లాడు.

ఎడమ మోకాలికి ఆపరేషను అయింది. ఆవిడ ఇంటికొచ్చి కుర్చీలో కూర్చుంది. ఐసు లేదు. నీళ్లు రాని పెట్టెను చల్లబరచడం దండగని ఫ్రిజ్ తనంతట తానే కింది అరకు సెలవిచ్చేసింది. గిన్నెలో నీళ్లు పోసి పెడితే, పొద్దున గిన్నెలో నీళ్లే ఉన్నాయి. మోకాలు ఉబ్బుతోంది. అల్లుడు చెమటలు కక్కుతూ యాప్ తెరిచి, 'ఐసు రావడం లేదు' నొక్కాడు. ఈసారి అది అక్షరాలా నిజం.

జవాబు వెంటనే వచ్చింది. 'ఐసు ఎక్కువగా ఉన్నదని తమరే స్వయంగా తెలిపియున్నారు. మా లెక్కల ప్రకారం తమ ఇంట ఐసు సమృద్ధిగా ఉన్నది. లేదనుట చెల్లదు. ఫిర్యాదు మూసివేయబడినది.' అతను అక్షరం అక్షరం వెతికాడు. ఒక్క అచ్చుతప్పు లేదు.

"ఏమంటారు?" అంది అత్తగారు.

"మనకి ఐసు బోలెడుందంటున్నారత్తయ్యా. వాళ్ల లెక్కలో."

ఆవిడ ఎడమ కాలి వంక చూసుకుంది.

"లెక్క వాళ్ల ఆఫీసులోనేగా ఉండేది. కుర్చీ ఎత్తండి అల్లుడుగారూ, కాలు అక్కడే పెట్టొద్దాం."